ఎవరి సందడి, ఎవరి గోల?

తెలుగులో చప్పుడుకు పేర్లు చాలా వున్నాయి. సడి, సవ్వడి, అలికిడి, సద్దు, రొద, మోత, హోరు, ఘోష, సందడి, గోల, రభస, లొల్లి. వీటిలో కొన్ని మాత్రమే చప్పుడు ఎంత పెద్దదో చెబుతాయి. తక్కినవి వినేవాడి అభిప్రాయాన్ని చెబుతాయి. పెళ్ళివారింట్లో రెండువందలమంది ఒక్కసారే మాట్లాడితే సందడి. నీళ్ళ టాంకరు దగ్గర బిందెలు పట్టుకున్న నలభైమంది ఆడవాళ్ళు మాట్లాడితే గోల. గాలిలో పుట్టిన కదలికను కొలిచి చూస్తే పెళ్ళివారిదే ఎక్కువ తేలవచ్చు. అయినా ఆ మాటను ఎవరూ తారుమారు చెయ్యరు. 'అల్లరి', 'గొడవ' అనే మాటల సంగతి మరీ స్పష్టం. వాటిలో చప్పుడుకీ తప్పుకీ ఒకటే పేరు.

నగరంలో రోజూ వినపడే చప్పుళ్ళను మనుషులు ఎలా వింటారు, వాటిమీద ఎలా తీర్పు చెబుతారు అనే విషయం మీద గత యాభైయేళ్ళలో ఒక శాస్త్రమే పెరిగింది. సాహిత్య విమర్శకు దాంతో ఏం పని అని అడిగేవారు వుంటారు. పని వుందనే నా అభిప్రాయం. ఒక పద్యాన్ని గొప్పది అన్నప్పుడు ఆ తీర్పు వెనక ఎవరి జీవితం, ఎవరి తీరిక, ఎవరి ఆస్తి నిలబడి వున్నాయో చూడడం అభ్యుదయ విమర్శ తన బాధ్యతగా పెట్టుకుంది. వీధిలో వినపడేదాన్ని గురించి చెప్పే తీర్పు ఆ ప్రశ్నకు అతీతమేమీ కాదు. పైగా అభిరుచి అనేది పుస్తకం దగ్గరకంటే కిటికీ దగ్గరే ముసుగు లేకుండా దొరుకుతుంది.

ఈ తీర్పుల చరిత్రలో తన మనసును దాపరికం లేకుండా బయటపెట్టుకున్నవాడు చార్లెస్ బాబేజ్. లెక్కలు కట్టే యంత్రాన్ని ఊహించినవాడుగా ఆయన్ని ఇవాళ అందరూ ఎరుగుదురు. 1864లో అచ్చయిన తన ఆత్మకథలో ఆయన లండన్ వీధుల ఉపద్రవాల మీద ఒక అధ్యాయం రాశాడు. ప్రభుత్వం అనుమతించిన చిత్రహింస సాధనాలంటూ ఒక జాబితా ఇచ్చాడు. చేతితో తిప్పే ఆర్గన్లు, ఇత్తడి బాకాల మేళాలు, ఫిడేళ్ళు, డోళ్ళు, అర్ధపెన్నీ ఈలలు అందులో వున్నాయి. భారతదేశం నుంచి వెళ్ళిన 'టామ్ టామ్' వుంది. చివరకు మనిషి గొంతు కూడా వుంది. పన్నెండేళ్ళలో తన పనిశక్తిలో నాలుగోవంతు ఈ వీధి సంగీతం వల్లే నాశనమైందని ఆయన లెక్క. లెక్కల మనిషి కదా, బాధను కూడా భిన్నంలో చెప్పాడు.

నాకు ఆ జాబితాకంటే దాని పక్కనున్న రెండో జాబితా ముఖ్యమనిపిస్తుంది. వీధి సంగీతాన్ని ప్రోత్సహించేవాళ్ళు ఎవరో అందులో చెప్పాడు: సారా దుకాణాలవాళ్ళు, నౌకర్లు, పిల్లలు, పల్లెల నుంచి వచ్చిన చుట్టాలు, శీలం మీద అనుమానం వున్న స్త్రీలు. మర్యాదకోసం కాబోలు, అప్పుడప్పుడు బిరుదులున్న దొరసానులు కూడా అని చేర్చాడు. తక్కినవాళ్ళందరినీ ఒకచోట నిలబెట్టి చూడండి. బాబేజ్ వింటున్నది ఆర్గన్ మోతనా, లేక తన గుమ్మం ముందు గుమిగూడిన ఆ జనాన్నా? ఆర్గన్ తిప్పేవాళ్ళలో ఎక్కువమంది ఇటలీ నుంచి పొట్టచేతపట్టుకుని వచ్చిన పేదలు. పార్లమెంటు సభ్యుడు మైకేల్ బాస్ ఆ 1864లోనే వాళ్ళ మీద చట్టం తెచ్చాడు. ఇంటాయన కారణం చెప్పి పొమ్మంటే వాయిద్యగాడు వీధి వదిలి పోవాలి. ఆ ప్రయత్నానికి డికెన్స్, కార్లైల్ వంటి రచయితలు సంతకాలు పెట్టి బలమిచ్చారు. కార్లైల్ అంతకు పదేళ్ళ ముందే చెల్సీలో తన ఇంటిపైన చప్పుడు చొరని గది కట్టించుకున్నాడు. డబ్బు ఖర్చయింది గాని ఆ గది ఆశించినట్టు పనిచెయ్యలేదు.

ఇంతమాత్రాన బాబేజ్ ను ఎగతాళి చేసి వదిలెయ్యడం న్యాయం కాదు. ఇంట్లో కూర్చుని ఆలోచించేవాడి పని కూడా పనే. పక్కన ఆర్గన్ మోగుతుంటే లెక్క తప్పుతుంది. ఆయన ఫిర్యాదులో నిజం వుంది. నా ఆక్షేపణ మరోచోట వుంది. అదే లండన్ లో 1863 జనవరిలో భూగర్భ రైలు మొదలైంది. రాళ్ళు పరిచిన వీధుల మీద ఇనపకట్ల బళ్ళు రాత్రింబగళ్ళు నడిచేవి. బాస్ చట్టానికి అవి పట్టలేదు. లాభం తెచ్చే చప్పుడు నగరాభివృద్ధిగా చెలామణి అయింది, చిల్లర డబ్బులకోసం చేసే చప్పుడు ఉపద్రవమైంది. ఇందులో ఇంకో విశేషం వుంది. యంత్రాల ఆర్థికశాస్త్రం మీద బాబేజ్ 1832లో రాసిన గ్రంథాన్ని మార్క్స్ 'పెట్టుబడి'లో ఉదాహరించాడు. అదే 'పెట్టుబడి'లో యంత్రశాల కార్మికుడి ఇంద్రియాల మీద చేసే దాడిని వర్ణిస్తూ వేడినీ దుమ్మునీ చెప్పి, వాటి పక్కనే చెవులు బద్దలుకొట్టే మోతను కూడా లెక్కవేశాడు. ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో, ఇద్దరు మేధావులు. ఒకరికి వీధిలో ఆర్గన్ వినపడింది, మరొకరికి గోడల వెనక మగ్గం వినపడింది.

మన దేశంలో ఈ చరిత్ర మరోవిధంగా నడిచింది. 1857 తరవాత వచ్చిన 1861 పోలీసు చట్టం 30వ సెక్షను పండగల్లో, ఉత్సవాల్లో వీధుల మీద వాద్యం ఎంతవరకు వాయించవచ్చునో నియంత్రించే అధికారం పోలీసులకు ఇచ్చింది. (మద్రాసు రాజధానికి 1859లోనే వేరే పోలీసు చట్టం వుంది.) లండన్ లో చట్టం ఇంటాయనకు హక్కు ఇస్తే, ఇక్కడ పోలీసు అధికారికి అధికారం ఇచ్చింది. అక్కడి భయం చదువు పాడవుతుందని. ఇక్కడి భయం జనం గుంపు కడతారని. డప్పు మోగితే జనం చేరతారన్న సంగతి తెల్లదొరకి బాగా తెలుసు.

ఇక శాస్త్రం సంగతికి వస్తాను. కెనడా సంగీతకర్త మరీ షేఫర్ 1977లో ప్రచురించిన 'ది ట్యూనింగ్ ఆఫ్ ది వరల్డ్' ఈ రంగానికి మూలగ్రంథం వంటిది. కంటికి కనపడేదంతా దృశ్యమైనట్టు చెవికి వినపడేదంతా 'సౌండ్‌స్కేప్' అని ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. చప్పుడును తగ్గించడం ఒక్కటే కాదు, ఏ చప్పుడు వుండాలో జనం ఆలోచించాలన్నాడు. అంతవరకూ ఆ మాట విలువైనదే. 2021లో ఆయన పోయేదాకా తన చెవిని పదునుగానే వుంచుకున్నాడు. ఆయన సిద్ధాంతంలో చిక్కెక్కడంటే, గ్రామాన్ని 'హై-ఫై' అనీ నగరాన్ని 'లో-ఫై' అనీ విడదీశాడు. పూర్వపు పల్లెలో ప్రతి చప్పుడూ దూరం నుంచి కూడా విడివిడిగా, స్పష్టంగా వినపడేదట. యంత్రాలు వచ్చాక అన్నీ కలగాపులగమై దేనికదే వినపడకుండా పోయిందట.

ఈ వాదం చదవగానే మన భావకవుల పల్లె గుర్తుకొస్తుంది. కోయిలా, ఏరూ, వెన్నెల్లో పిల్లంగోవీ. ఆ పల్లెలో డప్పు కూడా స్పష్టంగానే వినపడేది. అది ఎక్కడి నుంచి వినపడేదో షేఫర్ కు తెలియవలసిన అవసరం లేదు, మనకు వుంది. ఊరి చివర మాదిగవాడ నుంచి. మేకతోలు బిగించి, మంట మీద కాచి, శ్రుతి చేసి వాయించే ఆ వాద్యం ఊళ్ళో చావుకు కావాలి, జాతరకు కావాలి, మునసబుగారి దండోరాకు కావాలి. వాయించేవాడు మాత్రం ఊరి నడుమ వుండకూడదు. పల్లెలో చప్పుళ్ళు ఒకదానితో ఒకటి కలిసేవి కావంటే, మనుషులు కలవకుండా ఏర్పాటు చేసిపెట్టడం కూడా అందుకు ఒక కారణం. ఏ చప్పుడు ఏ పక్క నుంచి వచ్చిందో తెలిస్తే ఏ కులమో తెలిసేది. అటువంటి స్పష్టతను పోగొట్టుకున్నందుకు నగరాన్ని నిందించడానికి నేను సిద్ధంగా లేను. నగరపు కలగాపులగంలో కొంత స్వేచ్ఛ వుంది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ సిద్దీలు, నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వికదళపు వారసులు, మర్ఫా వాయిస్తుంటే ముస్లిం పెళ్ళి బరాతులోనూ ఆడారు, హిందూ ఊరేగింపులోనూ ఆడారు.

డప్పు కథ అక్కడ ఆగలేదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి జానపద కళారూపాలను రాజకీయ వేదిక ఎక్కించింది. తరవాతి ఉద్యమాల్లో డప్పు లేని సభ లేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల రిజర్వేషన్ పోరాటానికి జనం పెట్టుకున్న పేరే 'దండోరా'. వెట్టిగా వాయించిన చప్పుడు హక్కు పేరయింది. మన సౌందర్యశాస్త్రం ఈ మార్పును ఇంకా సరిగా పట్టించుకోలేదు. ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలోనే కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడని పాఠాలు చెబుతూనే వున్నాం. వీధిలోని ధ్వనికి కావ్యశాస్త్రంలో చోటు అడిగినవాడు లేడు. ఇవాళ్టికీ నగరంలో డప్పుకు రెండు తీర్పులున్నాయి. రవీంద్రభారతి వేదిక మీద మోగితే జానపద కళ, శాలువా, చప్పట్లు. అపార్టుమెంటు ముందు శవం వెంట మోగితే కిటికీలు మూసుకుంటాయి. వాద్యం అదే, వరసా అదే కావచ్చు, కొన్నిసార్లు వాయించే మనిషి కూడా అతనే.

ఇటీవలి పరిశోధకులు షేఫర్ కంటే జాగ్రత్తపరులు. 2010లో స్వీడన్ పరిశోధకులు ముగ్గురు ఒక ప్రయోగం ప్రచురించారు. వందమందికి యాభై చప్పుళ్ళ తునకలు వినిపించి, 116 గుణాలతో వాటిని బేరీజు వెయ్యమన్నారు. జవాబులన్నిటినీ గణితంతో వడపోస్తే ప్రధానంగా రెండు కొలబద్దలు మిగిలాయి. చప్పుడు హాయిగా వుందా లేదా అన్నది ఒకటి. అందులో ఏదైనా జరుగుతున్నట్టు వుందా లేదా అన్నది రెండోది. తీర్పుల్లోని తేడాల్లో సగం మొదటిదాని కిందికే వస్తుందని తేలింది. యంత్రాల చప్పుళ్ళు హాయి కానివిగా, ప్రకృతి చప్పుళ్ళు హాయైనవిగా, మనుషుల చప్పుళ్ళు ఏదో జరుగుతున్నట్టుగా తోచాయట. 2014లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ సౌండ్‌స్కేప్ కు నిర్వచనం ఇస్తూ, అది మనుషులు ఒకానొక సందర్భంలో గ్రహించి, అనుభవించి, అర్థం చేసుకునేది అని చెప్పింది.

సందర్భం! ఆ ఒక్క మాట ఒప్పుకున్నందుకు సంతోషించాను. అయితే సందర్భాన్ని వాళ్ళు వాతావరణం, వేళ, వినేవాడి మనఃస్థితి వంటివాటి దగ్గరే ఎక్కువగా వెతుకుతారు. జీతం దగ్గర వెతకడం అరుదు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు చప్పుడును ఆ 116 గుణాలతో బేరీజు వెయ్యమంటే కొత్తగా వెళ్ళినవాడు నిస్సంకోచంగా 'దుర్భరం' అంటాడు. నేను విన్నాను, దుర్భరమే. పక్కమనిషితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టాలి. షెడ్డులో పనిచేసేవాళ్ళు చేతులతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. మరి ఆ మోత ఆగితే? 1990ల చివరి నుంచి సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు పత్రికలకెక్కాయి. ఆ రోజుల్లో ఆ వీధుల్లో జనాన్ని భయపెట్టింది మగ్గాల నిశ్శబ్దమే. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పని అక్కడి మగ్గాలకు ఇచ్చినప్పుడు తిరిగి మోత మొదలైంది. ఆర్డరు లేని నెలల్లో మళ్ళీ షెడ్లు మూతపడ్డాయి. నేతకార్మికుడి భార్యకు మగ్గం మోత హాయైనదా, కాదా? ఆ మోత భర్త చెవుల్ని తినేస్తుంది, అదే మోత పొయ్యి మీద ఎసరు పెట్టిస్తుంది. హాయి అనే కొలబద్ద మీద ఈ జవాబుకు గీత లేదు. వరంగల్లు అజంజాహి మిల్లు 1934లో మొదలై 2002లో మూతబడింది. మిల్లు కూత ఆగిపోయిన కార్మికవాడకు ప్రశాంతత లభించిందని ఏ డెసిబెల్ మీటరైనా చెబుతుంది.

మీటరు మాట వచ్చింది కనక మన చట్టం లెక్కల్ని కూడా చూద్దాం. 2000 ఫిబ్రవరిలో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 మించకూడదు. ఆసుపత్రుల, బడుల, కోర్టుల చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద ప్రాంతంలో పగలు 50, రాత్రి 40. ఫ్యాక్టరీల చట్టం, 1948 కింద తయారైన మాదిరి నిబంధనలు మాత్రం కార్మికుడు రోజుకు ఎనిమిది గంటలు భరించదగిన మోతను 90 డెసిబెళ్ళుగా పెట్టాయి. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది పెరిగితే శబ్దశక్తి పదిరెట్లవుతుంది, చెవికి సుమారు రెట్టింపుగా తోస్తుంది. అంటే 55కూ 90కీ మధ్య శక్తిలో తేడా మూడువేల రెట్లకు పైమాట. చెవికి తోచేది పదకొండు రెట్లకు తక్కువ కాదు.

ఈ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టడం తప్పని ఇంజనీర్లు అంటారు. మొదటిది ఇంటి బయట సగటు మోతకు, మనశ్శాంతికి పెట్టిన హద్దు, రెండోది వినికిడి చెడకుండా పెట్టిన హద్దు అంటారు. నిజమే. నేను చెప్పేదీ అదే. ఒకే మనిషి ఇంటిదగ్గర పౌరుడుగా వున్నప్పుడు చట్టం అతని శాంతిని కొలుస్తుంది. గేటు దాటి కార్మికుడు కాగానే అతని చెవుడును మాత్రమే కొలుస్తుంది. మోత వల్ల వచ్చే చెవుడు అదే చట్టం మూడో షెడ్యూలులో, ప్రభుత్వానికి తెలియజెయ్యవలసిన జబ్బుల జాబితాలో చేరింది. అయితే చెవుడు ఒక్కరోజులో వచ్చే ప్రమాదం కాదు, ఇరవయ్యేళ్ళు మెల్లగా వస్తుంది. వచ్చాక వయసు మీద నెట్టెయ్యవచ్చు.

ఇంటిదగ్గరైనా అందరికీ 55 దక్కుతున్నదా? ఫ్లైఓవరు కింద, రైలుపట్టాల పక్కన, బస్ డిపో గోడవెనక ఎవరుంటున్నారో హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా చూస్తే తెలుస్తుంది. కారు అనేది నా దృష్టిలో ఒక విచిత్రమైన శబ్దయంత్రం. అద్దాలు ఎత్తి, లోపల చల్లగాలి పెట్టుకున్నవాడికి తను కొట్టే హారను సగం కూడా వినపడదు. ఆ హారను పూర్తిగా వినపడేది కూడలిలో ఎనిమిది గంటలు నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులుకు, ఆటోవాడికి, పేవుమెంటు మీద చెప్పులు కుట్టేవాడికి. మోత ఒకరిది, చెవి మరొకరిది. మా కాలనీలో గేటు మీద తిరుగుడు బేరగాళ్ళకు ప్రవేశం లేదని బోర్డు వుంది. కారణం అడిగితే అరుపులు భరించలేకపోతున్నామన్నారు. ఆ వారంలోనే అదే వీధిలో బోరుబావి తవ్వే లారీ మూడు రోజులు నేల దద్దరిల్లేలా పనిచేసింది. ఒక్కరూ నోరెత్తలేదు. నీళ్ళు తమకే కదా!

స్త్రీల సంగతి వేరే చెప్పాలి. ఆడదాని గొంతు గడప దాటకూడదన్న నియమానికి డెసిబెళ్ళతో పనిలేదు. మగవాళ్ళు నలుగురు టీకొట్టు దగ్గర రాజకీయం మాట్లాడితే చర్చ, ఆడవాళ్ళు నలుగురు కుళాయి దగ్గర నీళ్ళ వంతు గురించి మాట్లాడితే కుళాయి తగాదా. నిజానికి నగరపాలన మీద ఆ వీధిలో జరిగే అసలైన చర్చ రెండోదే.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, పేదవాడు చేసే చప్పుడల్లా మంచిదనీ దాన్ని వద్దన్నవాడల్లా ప్రజాశత్రువనీ కొందరు మిత్రులు తేల్చవచ్చు. మన వైపున ఈ తొందర అలవాటే. అందుకే మరో సంగతి చెప్పవలసి వుంది. శబ్దకాలుష్యం మీద సుప్రీంకోర్టు 2005 జూలైలో ఇచ్చిన పెద్ద తీర్పు ఒక వార్తను గుర్తుచేస్తూ మొదలవుతుంది. 1998 జనవరిలో పత్రికల్లో వచ్చిన వార్త అది. పదమూడేళ్ళ బాలిక మీద అత్యాచారం జరిగింది. ఆమె కేకలు వేసింది. పక్కనే లౌడ్‌స్పీకరులో పాటలు మోగుతున్నాయి. ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఆమె ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. దీన్ని చదివిన తరవాత లౌడ్‌స్పీకరును జనస్వరం అనడానికి నాకు నోరు రాదు. గుడి మైకైనా, మసీదు మైకైనా, చర్చి మైకైనా, నాయకుడి పుట్టినరోజు డీజే అయినా, రాత్రి పదిదాటాక మోగితే ముందు దెబ్బ తినేది ఒంటిగది ఇంట్లో నిద్రపట్టని పసిపిల్ల, తెల్లవారి నాలుగింటికి రోడ్డు ఊడ్చడానికి లేవవలసిన మనిషి. కార్లైల్ లాగా గది కట్టించుకునే స్తోమత వాళ్ళకు లేదు. నియమాల్లోనే పండగలకని ఏడాదికి పదిహేను రోజులు అర్ధరాత్రిదాకా సడలింపు ఇచ్చే వీలు పెట్టారు. ఏ పండగలకు సడలిస్తారో, ఎవరి మైకు దగ్గరికి పోలీసు జీపు ముందు వస్తుందో వూళ్ళో అందరికీ తెలుసు.

అందువల్ల ఒక చప్పుడును బేరీజు వెయ్యవలసివస్తే నేను అడిగే ప్రశ్న ఒకటే. అది ఏ గొంతును ముంచుతున్నది? పండ్లమ్మేవాడి కేక ఎవరి గొంతునూ ముంచదు, మహా అయితే మధ్యాహ్నపు కునుకును చెడగొడుతుంది. డీజే ముంచుతుంది. మరమగ్గం షెడ్డు కార్మికుడి గొంతునే ముంచుతుంది, కూలిరేటు గురించి పక్కవాడితో మాట్లాడే వీలుకూడా లేకుండా. డెసిబెల్ మీటరుకు కులం తెలియదు, మతం తెలియదు, అంతవరకు అది నిష్పక్షపాతి. 2011 నుంచి హైదరాబాదుతో సహా ఏడు మహానగరాల్లో నిలబెట్టిన కొలత కేంద్రాలు అందుకే అవసరం. కాని ఏ చప్పుడు కింద ఏ గొంతు అణిగిపోయిందో మీటరు చెప్పలేదు. అది చెప్పడం రచయిత పని.

మరి మన రచయితలు ఏం విన్నారు? 'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది. అందులో 'కవితా! ఓ కవితా!' గీతాన్ని నేను ప్రధానంగా చెవితో రాసిన కవితగా చదువుతాను. కవి తాను విన్నవాటిని వరసగా చెప్పుకుపోతాడు. నక్షత్రాల మాటలూ జలపాతాల పాటలూ సముద్రాల మోతా వున్న ఆ జాబితాలోకే సమ్మెకట్టిన కూలీల భార్యాబిడ్డల ఆకలి ఏడుపు వచ్చి కూర్చుంటుంది. తెలుగు కవిత్వం చెవి మారిన క్షణం అది. భావకవికి అది అపశ్రుతి అయివుండేది. కాళోజీ మరో పని చేశాడు. 1953లో తన కవితల సంపుటికి 'నా గొడవ' అని పేరు పెట్టాడు. దొరలు ఫిర్యాదును కొట్టెయ్యడానికి వాడే మాటను తీసుకుని దాన్నే అట్టమీద వేసుకోవడం చిన్న సాహసం కాదు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన తీర్పు మాటల్లో కనీసం ఒకటి అలా పక్షం మార్చింది.

ఆ తరవాత జరిగింది నాకు అంత తృప్తిగా లేదు. శ్రీశ్రీ దగ్గర నుంచి మనం హోరును తీసుకున్నాం, జాబితాను వదిలేశాం. అభ్యుదయ కవిత్వంలో భేరీలు మోగాయి, శంఖాలు పూరించారు, సముద్రాలు గర్జించాయి. ఆ శంఖం నిజంగా ఎవరింట్లో వుంటుందని ఒక్కడు అడగలేదు. కుట్టుమిషను చప్పుడు కవిత్వంలో ఎన్నిసార్లు విన్నాం? బీడీల చాటలో కత్తెర ఆకు కత్తిరించే చిన్న కిచకిచ? రాత్రి షిఫ్టు నుంచి వచ్చినవాడు ఎవరినీ లేపకూడదని సైకిలు స్టాండును చేత్తో పట్టి మెల్లగా వెయ్యడం? కథకులు ఈ విషయంలో కవులకంటే నయం. అయినా వాళ్ళు కూడా నగరాన్ని మాటల్లో విన్నంతగా చప్పుళ్ళలో వినలేదు. పాత్రల యాసను అక్షరాలా దించినవాళ్ళు ఆ యాస వెనక నడుస్తున్న పిండిమర మోతను వదిలేశారు. చిన్నచప్పుళ్ళు లేని ప్రజాకవిత్వం సభలో బాగుంటుంది, ఇంటికి తీసుకుపోతే ఖాళీగా వుంటుంది.

ప్రస్తుతం మన వీధుల్లో ఒక కొత్త చప్పుడు తిరుగుతోంది. దాన్ని గురించి మంచి కథ ఇంకా నా కంటపడలేదు. కూరలబండివాడు, పాతసామాన్లు కొనేవాడు, ఉల్లిపాయల ఆటోవాడు తమ కేకను చిన్న లౌడ్‌స్పీకరు పెట్టెలో రికార్డు చేసి పెట్టుకుంటున్నారు. పెద్దమనుషులకు ఇది పాత కేకకంటే ఎక్కువ చిరాకు కలిగిస్తోంది. పాతరోజుల్లో కేకలు ఎంత మధురంగా వుండేవి, ఒక్కొక్కరిది ఒక్కొక్క రాగం అని పత్రికల్లో జ్ఞాపకాలు రాస్తున్నారు. ఆ మధురమైన కేకలు వేసిన మనుషుల గొంతులు నలభయ్యేళ్ళకే బొంగురుపోయిన సంగతి ఆ జ్ఞాపకాల్లో వుండదు. ఎర్రటెండలో పన్నెండు వీధులు తిరుగుతూ, ప్రతి గుమ్మం ముందూ మూడో అంతస్తుదాకా వినపడేలా అరవడం ఎంత పనో ఎవరూ కొలిచినట్టు లేదు. మా వీధికి వచ్చే కూరలబండి పెట్టెలో వున్నది అతని గొంతు కాదు. ఎవరిదో ఆడపిల్ల గొంతు, బహుశా కూతురిది. టమాటా ధర మారినప్పుడల్లా ఆ గొంతు కొత్తగా పలుకుతుంది. అతను బండి ఆపి, పెట్టె నోరు నొక్కి, మామూలు గొంతుతో, మెల్లగా, బేరం మాట్లాడుతున్నాడు.